అలిసిందన్న మాట

రేవు వెనక సందులో, తాళ్ళ కొట్టుకీ ఐసు మిల్లుకీ నడుమ ఇరుక్కున్న ఒంటిగది దుకాణం బుడగల మేస్త్రీది. నీళ్ళ అడుక్కి దిగేవాళ్ళ సరంజామా అంతా అక్కడికే వస్తుంది. వీపున కట్టుకునే గాలి సిలిండర్లు, నోట కరుచుకునే మౌత్‌పీసులు, ఆ రెంటినీ కలిపే రబ్బరు గొట్టాలు, కాళ్ళ రెక్కలు, రబ్బరు చొక్కాలు. అరిగినా, చిరిగినా, ఉప్పు పట్టి బిగుసుకుపోయినా ఆయన చెయ్యి పడాల్సిందే.

“నేను చదివింది ఊరిబడి, పాసైంది సముద్రం” అంటాడు మేస్త్రీ. గుమ్మంలో మనిషి నీడ పడితే చాలు, దండకం ఎత్తుకుంటాడు. మునిగిన లాంచీ గంటను పైకి తెచ్చింది ఆయనే. అగ్నిమాపక దళంవాళ్ళకు మునక నేర్పింది ఆయనే. వంతెన కింద బురద తడిమి తడిమి పెళ్ళికూతురి ఉంగరం పట్టుకొచ్చిందీ ఆయనే. “ఉంగరం దొరికింది గానీ ఆ పెళ్ళి నిలవలేదు, అది నా లెక్కలో వెయ్యకండి” అని ముక్తాయింపు ఇస్తాడు. అన్నిటికీ చివర ఒక మాట ఉంటుంది. “నా చేతిమీదుగా వెళ్ళిన ఊపిరి ఇంతవరకూ ఎవరి నోట్లోనూ ఆగలేదు.” ఆ మాట అనేటప్పుడు మాత్రం ఆయన నవ్వడు.

బుడగల మేస్త్రీ అన్న పేరు ఆయన భార్య వల్ల వచ్చింది. ఆయన దిగితే ఆవిడ పడవలో కూర్చుని, ఆయన నడుముకి కట్టిన తాడు రెండో కొస తన మణికట్టుకి చుట్టుకుని నీళ్ళనే చూస్తుండేది. “మీ ఆయనేడమ్మా?” అని ఎవరైనా అడిగితే పైకి తేలే బుడగల్ని చూపించి “అదిగో” అనేది. కాస్త తాడు లాగి “అన్నం చల్లారుతోంది” అని చెప్పేదట కూడా. అదెలాంటి లాగుడో ఆయనకొక్కడికే తెలుసు. ఆవిడ కన్నుమూశాక మేస్త్రీ మళ్ళీ మునగలేదు. కూతురు మునుగుతోంది. ఆయన వేళ్ళు వణకడం మొదలయ్యాక బల్ల దగ్గర పని కోడలు అందుకుంది. కొడుకుకి నీళ్ళంటే భయం, బస్సు నడుపుతాడు.

ఆ దుకాణంలో ఒక కట్టడి ఉంది. ఏ వస్తువునీ “పోయింది” అనకూడదు. పని నేర్పిన పెద్ద మేస్త్రీ పెట్టిన నియమం అది. “మనిషి ప్రాణం దీన్ని కరుచుకుని ఉంటుందిరా. అలిసింది అను, చాలు” అన్నాడట. అప్పటినుంచీ రింగు వదులైనా అలిసిందే, గొట్టం చీలినా అలిసిందే. ఏది బాగయ్యే అలుపో, ఏది లేవని అలుపో, భార్య ఆయన గొంతునిబట్టే పట్టేసేది. వస్తువు బల్లమీద పెట్టాడా, నేలమీద పెట్టాడా అని ఓరకంట చూస్తే మిగతాది తెలిసిపోయేది.

ఒక పొద్దున మేస్త్రీ కంటి డాక్టరు దగ్గర బెంచీమీద కూర్చుని ఉండగా కోడలు ఫోను చేసింది.

“మావయ్యా, ఈ పసుపు గొట్టం సెట్టు సంగతేంటి?”

“అలిసిందమ్మా. దాని సంగతి చూడు” అన్నాడాయన. ఇంతలో లోపలికి పిలిచారు, ఫోను పెట్టేశాడు.

కళ్ళల్లో చుక్కలు వేయించుకుని, చేతిరుమాలు అడ్డం పెట్టుకుని దుకాణానికి వచ్చేసరికి ఎండ నెత్తికెక్కింది. అలవాటుగా గోడ తడిమాడు. సిద్ధమైనవి తగిలించే కొక్కెం ఖాళీగా ఉంది.

“ఇక్కడిదేదమ్మా?”

“ఆ పసుపుది మీ అమ్మాయి పట్టుకెళ్ళింది. లాంచీ అడుగున తిరిగే ఫ్యానుకి తాడు చుట్టుకుందని, దాన్ని నడిపే సరంగు కబురు పెట్టాడు.”

“అది అలిసిందని చెప్పాను కదా.”

“చెప్పారు. అందుకేగా విప్పి, వెనిగర్‌లో నానేసి, రింగులన్నీ మార్చి బిగించాను. గాలి భేషుగ్గా వస్తోంది.”

“గొట్టం?”

“గొట్టానికేం?” అంది కోడలు. ఆయన మొహం చూసి స్క్రూడ్రైవరు కింద పెట్టేసింది.

సిలిండరు వైపు బిగింపు మీద చిన్న రబ్బరు తొడుగు ఉంటుంది. దాని కింద వెంట్రుకంత పగులు. ముందురోజు సాయంత్రం తొడుగు వెనక్కి తోసి ఆయన చూశాడు, మళ్ళీ ముందుకి లాగేశాడు. ఆ గొట్టం నీళ్ళ అడుగున తెగితే బిందె నిండేలోపు సిలిండరు ఖాళీ అవుతుంది. చీకట్లో, ఫ్యాను కింద, తాళ్ళ చిక్కులో ఉంది కూతురు.

ఆ పగులు సంగతి ఆయన చెప్పగానే కోడలు లేచింది. ఇంకో సెట్టు భుజాన వేసుకుని స్కూటరు తీసింది. “పట్టుకోండి మావయ్యా” అంది. ఎప్పుడూ కోడలి బండి ఎక్కనని భీష్మించుకున్న మనిషి ఎక్కి కూర్చున్నాడు.

రేవులో లాంచీ మీద సరంగు పాట పాడుకుంటున్నాడు. మేస్త్రీ నీళ్ళకేసి చూశాడు. చుక్కల మందుకి కళ్ళు విప్పారి, సముద్రమంతా పగిలిన అద్దంలా మెరుస్తోందే తప్ప ఏదీ నిలవడం లేదు. బుడగలకే పేరుపడ్డ మనిషికి బుడగలు కనబడలేదు.

“ఒరే సరంగూ, బుడగలొస్తున్నాయా?”

“ఎందుకు రావు? నీ కూతురు నాకంటే ఎక్కువ పీలుస్తోంది.”

“తమాషా కాదు. వస్తున్నాయా?”

సరంగు పాట ఆపి ఒంగి చూశాడు. “వస్తున్నాయి మేస్త్రీ.”

మేస్త్రీ కూతురి నడుముకి కట్టిన తాడు కొస సరంగుని అడిగి తీసుకుని మణికట్టుకి చుట్టుకున్నాడు. భార్య చుట్టుకున్నట్టే చుట్టుకున్నానని ఆయనకు తట్టలేదు, చెయ్యి దానంతటదే తిరిగింది. పైకి రమ్మనే సైగ లాగాడు. జవాబు లేదు. మళ్ళీ లాగాడు. తాడు బరువుగా, మొద్దుగా ఉంది. ఇన్నేళ్ళూ ఈ తాడు రెండో కొసనే ఆయన బతికాడు. ఈ కొసన ఇలా ఉంటుందని ఆవిడ ఒక్కనాడూ చెప్పలేదు. పైకొచ్చాక అన్నం సంగతే ఎత్తేది.

అప్పుడు కింద నుంచి విసురుగా, కోపంగా ఒక లాగుడు వచ్చింది. కాసేపటికి కూతురు తల తేలింది.

“ఏంటి నాన్నా ఈ గోల? ఇంకొక్క చుట్టు కోస్తే అయిపోయేది.”

“ముందు ఎక్కు.”

“తిడతావా, ఎక్కాక?”

“ఎక్కవే తల్లీ.”

నిచ్చెనెక్కి వచ్చింది. కోడలు తొడుగు వెనక్కి తోసి, గొట్టం వంచి, బక్కెట్టు నీళ్ళల్లో ముంచింది. పగులు వెంబడి ఆవగింజల్లాంటి బుడగలు వరసకట్టాయి. మేస్త్రీకి కనబడకపోయినా, వేలు పెడితే ఆ చిన్న గాలి చురుక్కున తగిలింది.

“నేను బాగుచెయ్యమన్నారనుకున్నాను మావయ్యా” అంది కోడలు.

“తప్పు నీది కాదు వదినా” అంది కూతురు. తడి జుట్టు పిండుకుంటూ తండ్రివైపు తిరిగింది. “అలిసిందంటే చక్కబెట్టమనా, పారెయ్యమనా నాన్నా? అమ్మకి తెలిసేది. మేమెలా పోల్చుకోవాలి?”

ఆయన గొట్టాన్ని పగులు దాకా వేలితో నిమిరాడు. కూతురి నడుమునున్న కత్తి అడిగి తీసుకున్నాడు.

“ఇది పోయింది” అని, ఇంకెవరూ బిగించడానికి వీల్లేకుండా గొట్టాన్ని రెండు ముక్కలు చేశాడు.

కోడలు తెచ్చిన సెట్టు కట్టుకుని, మిగిలిన చుట్టు కొయ్యడానికి కూతురు దిగింది. ఈసారి తాడు ఆయన ఎవరికీ ఇవ్వలేదు.

మర్నాడు దుకాణంలో కోడలు గోడ పొడవునా నడుస్తూ ఒక్కొక్కటీ ఎత్తి చూపించడం మొదలుపెట్టింది.

“ఈ సిలిండరు?”

“అడుగున తుప్పు. పోయింది.”

“ఈ చొక్కా? చొక్కా కంటే అతుకులే ఎక్కువ.”

“పోయింది. మీ అత్తయ్యే చెప్పింది, అప్పుడు నేనే వినలేదు.”

మూల కుప్ప పెరిగింది. కూతురు టీ తాగుతూ “నాన్నా, నిన్నటినుంచి నీ నోటికి అడ్డూ ఆపూ లేదు” అంది. కోడలు పై అరలోంచి, మునిగేటప్పుడు మొహానికి పెట్టుకునే పాత కళ్ళద్దం తీసి దుమ్ము ఊదింది. లాంచీ గంట తెచ్చిననాటిది.

“మరి ఇది మావయ్యా?”

మేస్త్రీ అందుకుని దాని పట్టీ సాగదీశాడు. బిస్కట్‌లా పుటుక్కున విరిగింది. అద్దాన్ని వెలుగుకి ఎత్తి, నిన్నటికంటే స్పష్టంగా కనబడుతున్న సందుని అందులోంచి చూశాడు.

“పట్టీ పోయింది” అన్నాడు. “అద్దం మాత్రం నిక్షేపంలా ఉంది. కొత్త పట్టీ వెయ్యమ్మా, నీ ఆడపడుచుకి సరిపోతుందేమో చూద్దాం.”