తిరగని జనరేటర్

మా పెదనాన్న టికియాపారాలో తెలుగు చర్చి నడిపే వైద్యం బండికి డ్రైవరు. నేను అందులో నర్సుని. బండి వెనక జనరేటర్ని స్టార్ట్ చేసే ముందు ఆయన దాని మూత మీద అరచెయ్యి వేసి, నిద్రపోయే పిల్లని లేపినట్టు, "ఏటమ్మా, లేగుస్తావా?" అని అడిగేవాడు. నాకు నవ్వొచ్చేది.

తుఫాను వెళ్లిన మర్నాడు బడ్జ్ బడ్జ్ అనే మిల్లుల ఊరికి వెళ్లాం. ఊళ్లో ఎక్కడా కరెంటు లేదు. జూట్ మిల్లులో పనిచేసే ఒక తెలుగాయన ఊపిరాడని భార్యని మోసుకొచ్చాడు. మేం వచ్చాక ఆ దారిలో తుఫానుకి ఒరిగిన చెట్టొకటి కూలిపోయింది, ఆసుపత్రికి తీసుకెళ్లే వీల్లేదు. బండిలోని ఆక్సిజన్ మిషను నడవాలంటే జనరేటరే దిక్కు.

పెదనాన్న స్విచ్ నొక్కాడు. టిక్కుమంది, అంతే. ఫ్యూజు చూశాడు. బ్యాటరీ తీగల చివర్లు గరుకు కాగితంతో రుద్ది బిగించాడు. బండి బ్యాటరీ నుంచి తీగలు లాగి కలిపాడు. మళ్లీ ఆ టిక్కే. ఆయన స్టార్టర్ మోటారు విప్పుతుండగా నా వేళ్ల కింద ఆవిడ నాడి ఆగిపోయింది.

"పెదనాన్నా, ఆవిడ పోయింది."

"తెలుసమ్మా. ఒక్కసారి తిరగనీ," అంటూ విప్పుతూనే ఉన్నాడు.

చివరికి ఆ భర్తే వచ్చి ఆయన చేతిలోని పానా మెల్లిగా తీసుకున్నాడు. "ఇంక ఒగ్గేయ్ దాదా. నువ్వేటి సేస్తావు?"

పెదనాన్న ఆయన రెండు చేతులూ పట్టుకుని, "తిట్టు బాబూ. ఒక్క మాటైనా తిట్టు నన్ను," అని బతిమాలాడు.