దీపం కింద దీపం

పద్మనగర్‌లో సాంచాలు, అంటే మరమగ్గాలు, నడిపేవాళ్లు కళ్లు నలుపుకుంటే ఎవరూ పట్టించుకోరు. గాలినిండా దూది పొట్టేనాయె. నాగేష్ కూడా ఏళ్ల తరబడి నలుపుకుంటూనే ఉన్నాడు, అతన్ని చూసి కూతురు నవ్యా నలుపుకుంటుంది.

లేజర్‌తో కళ్లద్దాలు వదిలించుకుంటానని నవ్య పట్టుబడితే కంటి ఆసుపత్రికి తీసుకొచ్చాడు. ఆపరేషన్‌కు ముందు మిషన్‌లో పరీక్ష చేశారు. తెరమీద ఎర్రటి మచ్చ చూపించింది డాక్టరమ్మ. నల్లగుడ్డు మీది పొర అక్కడ పలచబడి ఉబ్బుతోందట. లేజర్ పెడితే చూపే పోవచ్చట. ముదరకుండా వేరే చికిత్స ఉందని చెప్పి, దీపం ఎలా కనిపిస్తుందని అడిగింది.

"దాని కింద ఇంకో దీపం ఉన్నట్టు కనపడ్తది," అంది నవ్య.

అచ్చం ఈ మాటే అనేది నాగేష్ వాళ్లమ్మ యమునాబాయి. గాలి సోకిందని ఇంట్లోవాళ్లు ఆమెను పిల్లల ముందే వేపమండలతో కొట్టించారు. దెబ్బలకు తాళలేక ఒక్క దీపమే ఉందని ఒప్పుకుంది. చచ్చేదాకా మళ్లీ ఆ ఊసెత్తలేదు.

ఇంట్లో ఇంకెవరికైనా ఇలా ఉందా అని అడిగింది డాక్టరమ్మ.

నాగేష్ ఒక కన్ను మూసి గోడమీది బల్బు వంక చూశాడు. ఎన్నేళ్లుగానో చూస్తున్నట్టే, దాని కింద ఇంకొకటి వెలుగుతోంది.

"లేదమ్మా," అన్నాడు. "మాకందరికీ ఒక్కటే కనపడ్తది."