వేడెక్కని ల్యాప్‌టాప్

“ఆటలాడే ల్యాప్‌టాప్ నీకెందుకమ్మా, నీకేమన్నా పదేళ్ళా?”

అడిగింది మామగారు. ఎర్ర దీపాలు మెరిసే ఆ నల్లటి యంత్రం పెట్టెలోంచి బయటికొచ్చిన రోజున, ఇంటిల్లిపాదీ చూస్తుండగా అడిగారు. చిన్నకోడలు ఓపిగ్గానే చెప్పింది. తాను చేసేది ఇంకా కట్టని ఫ్లాట్లకు వీడియోలు తయారుచేసే పని. కొనేవాడు తలుపు తీసుకుని, హాలు దాటి, బాల్కనీలోకి నడిచి వెళ్తున్నట్టు కనపడాలి. అంత బరువైన బొమ్మలు మోసే శక్తి మామూలు ల్యాప్‌టాప్‌లకు ఉండదు, ఆటల కోసం చేసినవాటికే ఉంటుంది. మామగారు అంతా విని, “అయితే ఆటలదే కదా” అన్నారు.

ఇంటి నుంచి పనిచేసుకోవడం ఆడవాళ్ళకు దొరికిన వరమని పత్రికల్లో రాసేవాళ్ళకు తలుపు వేసుకోగలిగిన గది ఒకటి ఉండే ఉంటుంది. చిన్నకోడలికి దొరికింది సామాను గది. ఒక పక్క చుట్టిన పరుపులు, వాటిని ఆనుకుని నిలువునా పేర్చిన సూట్‌కేసులు, ఎదురుగా ఇస్త్రీ బల్ల. ఆ బల్లే ఆఫీసు. కిటికీ లేదు. తలుపుంది గానీ గడియ లేదు. దుప్పటి కావాలన్నా, ఇస్త్రీపెట్టె కావాలన్నా, ఏమీ తోచకపోయినా ఎవరో ఒకరు తోసుకుని వచ్చేస్తారు. ప్లగ్గు సూట్‌కేసుల వెనక ఉంది. ఛార్జరు కూడా అక్కడే పరుపుల పక్కన నేలమీద పడి ఉండేది. దాని వైరు కొస ఒక్కటే ఆమె కళ్ళబడేది. ఆ మూల కూర్చుని రోజంతా పరాయివాళ్ళ ఇళ్ళకు నిలువెత్తు కిటికీలు పెడుతూ ఉండేది.

మెయిన్ రోడ్డులో మందుల షాపు పైన ఒక చిన్న గది అద్దెకుందని తెలిసి, ఇంట్లో చెప్పకుండా వెళ్ళి చూసొచ్చింది. శనివారంలోగా అడ్వాన్సు ఇస్తే గది తనదేనంది ఇంటావిడ. బిల్డరుకు శుక్రవారం సాయంత్రానికి ఒక వీడియో ఇవ్వాలి. అది ఇచ్చేస్తే వచ్చే డబ్బు అడ్వాన్సుకు సరిగ్గా సరిపోతుంది. అన్నీ కుదిరాయి, ల్యాప్‌టాప్ తప్ప.

మంగళవారం భోజనం చేసొచ్చి కూర్చునేసరికి, పొద్దున వీడియోలోని ఫ్లాటులో చకచకా నడిచిన కెమెరా హాల్లోనే చతికిలబడింది. మోకాళ్ళ నొప్పుల మనిషి మెట్లెక్కుతున్నట్టు ఒక అడుగు వేస్తుంది, ఆగుతుంది, మళ్ళీ ఇంకో అడుగు. ఆపి మళ్ళీ ఆన్ చేసింది. తెరిచి ఉన్నవన్నీ మూసేసింది. బొమ్మల్ని నడిపించే గ్రాఫిక్స్ డ్రైవరు సాఫ్ట్‌వేరు తీసేసి కొత్తది వేసింది, అది పనిచేయక పాతదే మళ్ళీ వేసింది. బుధవారం అడుగు మూత విప్పి, ఫ్యాన్లలో దుమ్ము బ్రష్షుతో దులిపి, ప్రాసెసరు మీద వేడిని లాగేసే పేస్టు కొత్తగా రాసింది. ఇలాంటి యంత్రాలు వేడెక్కితే ప్రాణం కాపాడుకోవడానికి వేగం తగ్గించుకుంటాయి. అది ఆమెకు తెలుసు. చిత్రమేమిటంటే, ఇది వేడెక్కడమే లేదు. ఎప్పుడూ హోరెత్తే ఫ్యాన్లు కూడా సాధువుల్లా ఉన్నాయి. ఒంట్లో జ్వరం లేదు, మంచం మాత్రం దిగడం లేదు.

“పాతబడిపోయిందేమో, కొత్తది తీసుకుందాంలే” అన్నాడు భర్త.

“దీని వాయిదాలే తీరలేదండీ.”

“అయితే మెల్లగా చేసుకో.”

మెల్లగా చేసుకోమని చెప్పేవాళ్ళకు శుక్రవారం అనేది ఒకటి ఉంటుందని తెలియదు. శుక్రవారం పొద్దున్నే బిల్డరు ఫోన్ చేశాడు.

“ఏంటి మేడమ్, మా ఫ్లాటే ముందు పూర్తయ్యేట్టుందే?”

“ఐదింటికల్లా పంపిస్తానండీ.”

“దాటితే మాత్రం వేరేవాళ్ళని చూసుకుంటా. తర్వాత నన్ననుకోవద్దు.”

సగం వీడియో కూడా కాలేదు. మధ్యాహ్నం దిక్కుతోచక తెర వంక చూస్తూ ఉంటే, మూలనున్న బ్యాటరీ అంకె మీద దృష్టి పడింది. ఎనభై. కాసేపటికి డెబ్బై ఆరు. వైరు పెట్టే ఉంది, ఛార్జింగు గుర్తూ ఉంది. పెట్టింది పెట్టినట్టే ఉండగా తరిగిపోవడమేమిటి? రాత్రి నిండుతూ, పగలు కొద్దికొద్దిగా తరుగుతూ ఉండడంతో ఇన్నాళ్ళూ పట్టించుకోలేదు. పనిమధ్యలో ఏ సందేశమూ అడ్డం రాకూడదని హెచ్చరికలన్నీ తానే ఆపేసుకుంది. యంత్రం మొత్తుకున్నా వినపడే దారి లేదు.

సూట్‌కేసులు పక్కకు లాగి, వాటి వెనక్కి పాకి, వైరు పట్టుకుని లాగింది. ఇటుకంత ఉండాల్సిన ఛార్జరు సబ్బుబిళ్ళంత అయిపోయింది. అది భర్త పాత ఆఫీసు ల్యాప్‌టాప్‌ది.

మామగారు ముప్పయ్యేళ్ళు కరెంటు మీటర్లు చూసి రిటైరైన మనిషి. రోజూ మధ్యాహ్నం ఇల్లంతా తిరిగి ప్రతి ప్లగ్గునూ చేతి వెనక భాగంతో తాకి చూడటం ఆయన అలవాటు. మొన్న సోమవారమే కరెంటు బిల్లు వచ్చింది.

“మామయ్యా, నా ఛార్జరేది?”

“అక్కడే ఉందిగా.”

“ఇది మీ అబ్బాయిది.”

“పిన్ను పట్టింది, దీపం వెలిగింది. ఇంకేం కావాలి?”

“పట్టింది పిన్ను ఒక్కటే! నాది దీనికి మూడింతలు కరెంటిస్తుంది. ఇది చాలక ల్యాప్‌టాప్ తన వేగం తనే కోసేసుకుంది.”

“అదేగా నేననేది. చెయ్యి పెడితే చుర్రుమంటోంది నీది. వేడెక్కిందంటే మీటరు పరిగెడుతున్నట్టే. పైగా పక్కన పరుపులు. అంటుకుంటే ఎవరికమ్మా నష్టం? నీ మంచికే తీశాను.”

“నాలుగు రోజుల నుంచి దీంతో చస్తున్నాను. ఒక్క మాట చెప్తే ఏం పోయేది?”

“చెప్తే ఒప్పుకునేదానివా?”

ఒప్పుకునేది కాదు. ఆమె చెయ్యి చాపి నిలబడింది. ఆయన తాళంచెవి తీసి, తన బీరువాలోంచి కాగితంలో చుట్టిన ఇటుకను, సొంత వస్తువు అరువిస్తున్నట్టుగా ఇచ్చారు.

వైరు గుచ్చగానే ఫ్యాన్లు ఒక్కసారిగా హోరెత్తాయి. కెమెరా హాల్లోంచి లేచి బాల్కనీ వైపు నడిచింది.

“ఏమిటే ఆ మోత, విమానమెక్కుతున్నావా?” అంది అత్తగారు వంటింట్లోంచి.

“ఎక్కనిస్తే కదా అత్తయ్యా!”

ఐదు దాటింది, ఆరూ దాటింది. వీడియో పూర్తయ్యేసరికి ఏడు కావచ్చింది. బిల్డరు తీసుకున్నాడు. ఆలస్యానికని చెప్పి సగమే ఇచ్చాడు. ఆ సగమే పట్టుకెళ్ళి శనివారం మందుల షాపు పైన ఇంటావిడ చేతిలో పెట్టింది. ఆవిడ రెండుసార్లు ఎంచి, తాళంచెవి ఇస్తూ, “మిగతాది పై నెల దాటకూడదు” అంది.

ఇంట్లో పెద్ద గొడవేమీ జరగలేదు. “ఇంట్లో గది ఉండగా అద్దె గదేమిటి?” అని అత్తగారు రెండు పూటలు మాట్లాడలేదు. మామగారికి మాత్రం వేరే బెంగ పట్టుకుంది.

“అక్కడ దాన్ని చూసేవాళ్ళెవరు? గంటకోసారన్నా చెయ్యి పెట్టి చూసుకో.”

“అక్కడ పరుపుల్లేవులెండి మామయ్యా.”

కొత్త గదికి కిటికీ ఉంది. తెరిస్తే పక్క భవనం గోడ చేతికందుతుంది. కింద షాపులోంచి మందుల వాసన పైకి వస్తుంది. ఆమె ఛార్జరును బల్లమీద, కళ్ళెదురుగా పెట్టుకుంది. లోపలి గడియ వేసింది. కాసేపటికి లేచి, సరిగా పడిందో లేదోనని ఇంకోసారి చూసింది. అడ్వాన్సులో సగం ఇంకా బాకీ ఉంది.