పదకొండో బార్‌లో లేని షార్ప్

పందొమ్మిది సంవత్సరాలుగా ఒక చిన్న గుర్తు బరువును మోస్తున్నాను. నా పేరు రాయను. మిగిలినవన్నీ మీకు సరిగ్గా చెబుతాను. అంకెలను తప్ప దేన్నీ నమ్మని మనిషిని.

మచిలీపట్నంలో మా చర్చి గాయకబృందానికి సంగీతం నేర్పేవాణ్ని. గుడ్ ఫ్రైడే పాటకు పద్నాలుగు ప్రతులు నా చేత్తోనే రాశాను. పాట డి హార్మోనిక్ మైనర్‌లో ఉంది. ఆ స్కేల్‌లో ఏడో స్వరమైన సి, అరస్వరం పైకి లేచి సి షార్ప్ అవుతుంది. పాటలోని వేదనంతా ఆ అరస్వరంలోనే ఉంది.

సోలో సువార్తది. బంటుమిల్లిలో టైలర్ గారి అమ్మాయి, ఎక్కువగా వినే నేర్చుకున్న పిల్ల, స్వరలిపి కొద్దిగానే తెలుసు. రిహార్సల్‌లో పదకొండో బార్, అంటే స్వరలిపిలో పదకొండో గడి, దగ్గర నేను హార్మోనియం మీద తెల్లమెట్టు నొక్కితే, ఆమె నల్లమెట్టు స్వరం పాడింది. ఆపాను.

"అక్కడ సి అమ్మా. కాగితం చూసి పాడు."

"చూశానండి మాస్టారూ. అలా పాడితే చప్పగా ఉందండి. అందుకే దిద్దుకున్నాను."

ఆమె ప్రతి తీసుకున్నాను. పెన్సిల్‌తో 'డి ఫ్లాట్' అని ఉంది. ఆ క్షణంలోనే తెలిసింది. షార్ప్ గుర్తు వదిలేసింది నేను, పద్నాలుగు ప్రతుల్లోనూ. సి షార్ప్, డి ఫ్లాట్ రాతలో వేరు. హార్మోనియం మీద రెండూ ఒకే నల్లమెట్టు. ఆమె విన్నది సరైనదే.

"డి మైనర్‌లో డి ఫ్లాట్ ఎక్కడిదమ్మా? స్కేల్ రానివాళ్లు నన్ను దిద్దుతారా?"

"బంటుమిల్లి స్కేలేమోనండి," అన్నాడు వెనక వరసలో ఒకాయన. అందరూ నవ్వారు.

"పేరు తప్పేమోనండి," అంది సువార్త. "పాట తప్పు కాదండి."

సోలో మరొకరికి ఇచ్చాను. ఆమె మళ్లీ రాలేదు. తర్వాత, చిన్న మార్పు చేశానని చెప్పి, పదమూడు ప్రతుల్లో అదే ఇంకుతో షార్ప్ పెట్టాను. శుక్రవారంనాడు కొత్తమ్మాయి సువార్త స్వరాన్నే పాడింది. ఎవరూ ఏమీ అడగలేదు.

నేను అబద్ధమాడానా? డి మైనర్‌లో డి ఫ్లాట్ లేదన్న మాట పుస్తకంలో ఉన్నదే. నిజమైన నియమాన్ని తెచ్చి నా తప్పు మీద కప్పాను. అది అబద్ధం కంటే తక్కువదని ఇన్నేళ్లూ నాకు నేను ఎలా చెప్పుకోగలిగాను?

పోయిన నెల గుడివాడలో ఒక పెళ్లిలో ఆమెను చూశాను. అందరూ లేచి పాడుతున్నారు. ఆమె పాటల పుస్తకం తెరిచి పట్టుకుని, పెదవులు మూసుకుని నిలబడింది. లెక్కపెట్టాను. నాలుగు చరణాలు. దగ్గరికి వెళ్లలేకపోయాను.

పద్నాలుగో ప్రతి, ఆమెది, నా దగ్గరే ఉంది. దాన్ని నేను దిద్దలేదు. పదకొండో బార్, రెండో స్వరం. తప్పు నాది.