కూలర్ ముందు హెడ్‌ఫోన్ పరీక్ష

కోవిడ్ తగ్గి ఆఫీసులు మళ్లీ తెరుచుకున్న ఏడాది నన్ను మడికొండ ఐటీ పార్కులోని మా కంపెనీ ధ్వని ల్యాబుకు టెస్ట్ మేనేజర్‌గా వేశారు. రిటైర్మెంటుకు ముందు అదే నా చివరి పోస్టింగు. వరంగల్‌కూ వైర్‌లెస్ హెడ్‌ఫోన్లకూ ఏమిటి సంబంధమని బంధువులు అడిగేవారు. చెవులున్న చోటల్లా మాకు సంబంధం ఉంటుందని చెప్పేవాణ్ని.

రొదను అణిచే హెడ్‌ఫోన్ పనిచేసే తీరు సులువే. బయటి వైపు ఉన్న చిన్న మైకు చుట్టుపక్కల రొదను వింటుంది. లోపలి చిప్పు దానికి సరిగ్గా ఎదురు తిరిగే శబ్దాన్ని పుట్టిస్తుంది. రెండూ చెవి దగ్గర కలిసి ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. ఎంత తగ్గిందో డెసిబెల్స్‌లో కొలిచి, ఆ అంకెను డబ్బా మీద పెద్దగా వేస్తారు. కంపెనీల కొట్లాటంతా ఆ అంకె మీదే. కొనేవాళ్లకు డెసిబెల్ అంటే ఏమిటో తెలియకపోవచ్చు గానీ పెద్ద అంకె పెద్దదేనని అందరికీ తెలుసు.

మా డిజైన్‌ను ట్యూన్ చేసే ఇంజినీరు స్వప్న. వరంగల్‌లోనే కాశిబుగ్గ కోడలు. మాట తక్కువ, పట్టుదల ఎక్కువ. ఆ వేసవిలో పోటీ కంపెనీ మాకంటే పెద్ద అంకెతో కొత్త మోడల్ దించింది. బెంగళూరు హెడ్డాఫీసు నుంచి వెంటనే కబురొచ్చింది. నెలాఖరు రివ్యూలోపు దాన్ని దాటకపోతే మా డిజైన్‌ను పక్కన పెట్టి, బయటి నుంచి తయారుగా ఉన్న డిజైన్ కొని మన పేరు వేసుకుంటారట. అదే జరిగితే స్వప్న కష్టం బుట్టదాఖలు, ల్యాబుకు తాళం.

ఆమె బయటి మైకు మీది జాలీని పలచన చేసి, మైకు బలం పెంచింది. ల్యాబులో ఒక బొమ్మ తల ఉంటుంది, దాని చెవుల్లో మైకులుంటాయి. దానికి హెడ్‌ఫోన్ తొడిగి, చుట్టూ ఉన్న స్పీకర్లలో విమానం రొద, రైలు రొద, మన ఊళ్లకని ప్రత్యేకంగా రికార్డు చేసిన ఎయిర్ కూలర్ రొద వినిపించి కొలిచాం. పోటీవాళ్ల అంకెను దాటేశాం. ఆ సాయంత్రం మిర్చి బజ్జీలు తెప్పించుకుని పండగ చేసుకున్నాం.

అయితే రివ్యూకు ముందు ఇంటి వాడకం పరీక్ష అని ఒకటి ఉంటుంది. ఇంజినీర్లు కానివాళ్లకిచ్చి వాడించాలి. స్వప్న ఒక సెట్టు తీసుకెళ్లి అత్తగారు కౌసల్యమ్మకిచ్చింది. ఆమె మధ్యాహ్నం అన్నం తిని, కూలర్ ముందు మంచం వాల్చుకుని, ఫోన్‌లో సీరియల్ చూసే మనిషి. మర్నాడు స్వప్న ముఖం వేలాడేసుకుని వచ్చి, అత్తగారి తీర్పు ఉన్నదున్నట్టు అప్పజెప్పింది.

“బిడ్డా, గిది పెట్టుకుంటే చెవుల గాలిదుమారం లేస్తాంది. తీసేస్తేనే నయమున్నది.”

కూలర్ రొదను ల్యాబులో వినిపించాం గానీ, దాని గాలి తగలనివ్వలేదు! గాలి నేరుగా మైకును కొడితే మైకు దాన్ని కూడా రొదే అనుకుంటుంది. చిప్పు ఆ లేని రొదకు ఎదురు శబ్దం పుట్టించి చెవిలో పోస్తుంది. వరంగల్ ఎండల్లో పుట్టి పెరిగినవాళ్లమంతా ఏసీ గదిలో కూర్చుని కూలర్‌ను పరీక్షించామన్న మాట. తలుచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది. ఆ రోజు మాత్రం రాలేదు.

మందేమిటో తెలుసు. జాలీ మందం పెంచాలి, మైకు బలం తగ్గించాలి. అలా చేస్తే మా అంకె పోటీవాళ్లకంటే కిందికి దిగుతుంది. ముందు నుయ్యి, వెనక గొయ్యి. రివ్యూ పెద్ద అంకెతో గట్టెక్కి, తర్వాత నెమ్మదిగా సరిచేద్దామని నేనన్నాను. స్వప్న ఒప్పుకోలేదు.

“రివ్యూల కూలర్ పెడదాం సార్. మనది, పోటీవాళ్లది రెండు సెట్లు బెంగళూరు కెల్లి వచ్చే సార్‌నే పెట్టుకొని చూడమందాం. ల్యాబు పోతే పోతది గని, మా అత్తమ్మ తీసి పక్కకు పడేసినదాన్ని మంది నెత్తిన పెట్టమని నేను చెప్పలేను.”

జాలీ మార్చేశాం. కౌసల్యమ్మ గారి కూలరే ట్రాలీ ఆటోలో ల్యాబుకొచ్చింది, సాయంత్రానికల్లా ఇంటికి చేర్చాలన్న షరతు మీద.

రివ్యూకొచ్చిన వ్యాపార విభాగం అధిపతి మూర్తి గారు, విజయవాడ మనిషి. మా అంకె చూసి పెదవి విరిచారు. భోజనాలయ్యాక ఆయన్ను కూలర్ ముందు కూర్చోబెట్టాం. పోటీవాళ్ల సెట్టు పెట్టుకున్నారు. కూలర్ వేయగానే చెవుల్లో అదే గాలిదుమారం లేచి పీకేశారు. తర్వాత మాది పెట్టుకున్నారు. పాత పాటొకటి మొదలుపెట్టాం. ఆయన కళ్లు మూసుకున్నారు. తప్పులు వెతుకుతున్నారనుకుని మేం గోడవారగా నిలబడ్డాం. కాసేపటికి మూర్తి గారి తల పక్కకు వాలింది, సన్నగా గురక మొదలైంది. లేపాలా వద్దా అని అందరం గుసగుసలు. ఆ సెట్టు పెట్టుకున్న మనిషి దగ్గర గుసగుసలెందుకని మాకెవరికీ తోచలేదు.

మెలకువ వచ్చాక ఆయన కొంచెం సిగ్గుపడ్డారు. సెట్టు మెడలోకి దించుకుని, అంకెను డబ్బా వెనక వైపు వేద్దామన్నారు.

“మరి ముందు వైపు ఏం వేద్దాం, నువ్వే చెప్పమ్మా,” అన్నారు స్వప్నతో.

“కూలర్ బొమ్మ ఎయ్యుండ్రి సార్,” అంది స్వప్న.

అలాగే వేశారు. మోడల్ బాగానే అమ్ముడుపోయింది, ల్యాబు నిలబడింది. పోటీవాళ్లు కూడా తర్వాతి మోడల్‌లో గాలిని కాచుకునే ఏర్పాటు పెట్టారు. అంటే వాళ్లూ మాలాగే ఏసీ గదిలో కూర్చుని కొలిచారన్న మాట. పోటీవాడి అంకెను దాటాలని పరుగెత్తినంతకాలం వాడి పొరపాటునే ఇంకాస్త గట్టిగా చేస్తామని నాకు అప్పుడు అర్థమైంది.