ఎదురింట్లో పెట్టిన ప్రస్థానం

పోయిన మంగళవారం నా మనవరాలు నా నోట్లో చిన్న అద్దం పెట్టి, "తాతయ్యా, కాసేపు మాట్లాడకు" అంది. ఈ జన్మలో నాకు ఆ మాట చెప్పి నెగ్గినవాళ్ళు లేరు. వన్ టౌన్‌లో నేను గుమాస్తాగా పనిచేసిన ఇనుప సామాన్ల కొట్టు యజమాని చెప్పి చూశాడు, మా అబ్బాయి చెప్పి చూశాడు, మా ఆవిడయితే పెళ్ళయిన కొత్తలోనే చెప్పడం మానేసింది. అలాంటిది డెంటల్ కాలేజీలో ఆ కుర్చీలో వెల్లకిలా పడుకున్నాను, మొహం మీద లైటు, దవడలో దూది ఉండలు, పైన ముక్కుకి గుడ్డ కట్టుకుని నా కొడుకు కూతురు. ఏమనగలను? పక్కన నిలబడ్డ ఆమె స్నేహితురాలు, "మీ తాతయ్యగారు ఎంత నెమ్మదస్తులో!" అని మెచ్చుకుంది. "దూది తీశాక చెప్పు ఆ మాట" అంది నా మనవరాలు. నోరు మూతపడ్డ మనిషికి చేయడానికి మిగిలేది గుర్తు చేసుకోవడమొక్కటే. అలా పడుకుని నేను ఈ పిల్ల పరీక్షకి చదివిన ఏడాదంతా గుర్తు చేసుకున్నాను.

ఇంటర్ అవగానే ఈ పిల్ల నీట్ పరీక్ష ఒకసారి రాసింది. సీటు వచ్చేంత ర్యాంకు రాలేదు. వస్తే ఆశ్చర్యపోవాలి. ఇంటర్‌కని ఊరి చివర ఒక హాస్టల్ కాలేజీలో పడేశారు పిల్లని. వారం వారం పరీక్ష, మార్కుల్ని బట్టి సెక్షన్లు. ఈ వారం పక్క మంచం మీద పడుకున్న పిల్ల వచ్చే వారం వేరే అంతస్తులో ఉంటుంది. కోళ్ళ ఫారంలో అయినా కోడిని ఇన్నిసార్లు గంప మార్చరు. పిల్ల రెండేళ్ళలో పుల్లలా అయిపోయి, ఒకరోజు పెట్టె పట్టుకుని మా ఇంటికి వచ్చి, "నేనింక ఎక్కడికీ వెళ్ళను తాతయ్యా. ఇక్కడే కూర్చుని చదువుకుని మళ్ళీ రాస్తాను. డెంటల్‌కి" అంది.

మా అబ్బాయికి ఇబ్రహీంపట్నంలో కరెంటు ప్లాంటులో ఉద్యోగం. లెక్క ప్రకారం నడిచే మనిషి. "ఒక్క ఏడాది నాన్నా. కోచింగు లేకుండా ఇంట్లో చదివి ఎవరికీ రాలేదు. మీ ఇద్దరూ ముచ్చట తీర్చుకోండి. రాకపోతే డిగ్రీలో చేర్పిస్తాను, ఆ తర్వాత ఈ పరీక్ష మాట ఎవరూ ఎత్తకూడదు" అన్నాడు. పిల్ల తల ఊపింది. నేనూ ఊపాను, కోపంతో.

నాకు అంతకన్నా కోపం తెప్పించింది చుట్టాలు. డెంటల్ అనగానే మొహం ఒక పక్కకి పెట్టి, "పోనీలెండి, ఎంబీబీఎస్ రానివాళ్ళు అందులోనేగా చేరేది" అనేవారు. ఆ మాట అందరికంటే గట్టిగా అన్న మా తోడల్లుడు, నెల తిరక్కుండా పన్నునొప్పితో దవడ పట్టుకుని, పండగపూట పళ్ళ డాక్టరు దొరక్క బెజవాడంతా ఆటోలో తిరిగాడు. నాకు ఫోన్ చేస్తే, "ఎంబీబీఎస్ ఆయన్ని ఎవర్నైనా చూడకపోయావా?" అన్నాను. ఇప్పటికీ మా మధ్య మాటలు అంతంత మాత్రమే.

నేను మాత్రం ఒకసారి పిల్లని అడిగాను, పళ్ళే ఎందుకమ్మా అని. అప్పుడు తను మా ఆవిడ కళ్ళజోడుకి ఊడిపోయిన మరమేకు బిగిస్తోంది, నా కంటికి ఆనని మేకు. తలెత్తకుండానే, "నాకు చేత్తో చేసే పని కావాలి తాతయ్యా. మందు రాసిచ్చి పదిరోజుల తర్వాత రమ్మనడం కాదు. ఏడుస్తూ వచ్చినవాళ్ళు అదే పూట నవ్వుతూ వెళ్ళాలి" అంది. ఇంతకంటే మంచి జవాబు ఏ కోచింగు సెంటరు బోర్డు మీదా నేను చదవలేదు.

నా చదువు అయిదో తరగతి దగ్గర ఆగింది. తర్వాతది నేనే చదువుకున్నాను. కొట్లో మేకులు పొట్లం కట్టే పాత పేపర్లు ముందు చదివి, తర్వాత కట్టేవాణ్ణి. సగం వార్త మేకులతో పాటు వెళ్ళిపోతే మిగతా సగం ఊహించుకునేవాణ్ణి. అందుకే నాకొక సిద్ధాంతం ఉంది: నేర్చుకున్నది ఇంకొకరికి చెప్పి ఒప్పించేదాకా మనది కాదు. నాకు దొరికిన శ్రోత కొట్లో కాటా దగ్గర ఉండే మనిషి. పాపం, రష్యా గురించీ, చెరకు తెగుళ్ళ గురించీ ఆయన విన్నంతగా ఎవరూ విని ఉండరు. ఆ సిద్ధాంతమే మనవరాలి మీద ప్రయోగించాను. పొద్దున తను చదివిన పాఠం, మధ్యాహ్నం భోజనాలయ్యాక నాకు చెప్పాలి. నాకు అర్థమైతేనే ఆమెకి వచ్చినట్టు. నేను అంత తేలిగ్గా అర్థం చేసుకునే మనిషిని కాను.

"పంటి మీద ఎనామిల్ ఉంటుంది తాతయ్యా. ఒంట్లో అన్నిటికంటే గట్టిది."

"ఎముక కంటేనా?"

"ఎముక కంటే."

"మరంత గట్టిదైతే నా పళ్ళేమయ్యాయి?"

"నువ్వు నమిలిన వక్కపొడిని అడుగు."

ఇలా ఉండేది. ఫిజిక్సులో కటకాల దగ్గర నేను వారం రోజులు మొండికేశాను. చివరికి నా భూతద్దం, వాళ్ళ నాయనమ్మ కళ్ళజోడు, కొవ్వొత్తి పెట్టి గోడ మీద మంటని తలకిందులు చేసి చూపించింది. వంటింట్లోంచి మా ఆవిడ, "కప్ప గుండెకి ఎన్ని గదులో నాకే వచ్చేసింది. మీకింకా రాలేదూ?" అని అరిచేది. ఆదివారాలు మధ్యాహ్నం అసలు పరీక్ష జరిగే వేళకే ఇంట్లోనూ పరీక్ష. ఆ సమయంలో కుక్కర్ కూత వేయకూడదు, టీవీ పలకకూడదు, నేను దగ్గకూడదు. అన్నిటిలోకీ ఆ మూడోదే కష్టమైంది. మొదట్లో సమయం చాలక గింజుకునేది. చలికాలం వెళ్ళేసరికి పేపరు ముగించి, నా కునుకు ముగిసేదాకా నా ఎదురుగా కూర్చునేది.

ఇక ప్రస్థానం సంగతి. ఈ కాలం పిల్లలకి తెలియకపోవచ్చు. ప్రయాణం పెట్టుకున్న రోజు మంచిది కాకపోతే, అంతకుముందు వచ్చిన మంచి ఘడియలో మనతో తీసుకెళ్ళే వస్తువు ఒకటి తీసుకెళ్ళి వేరే ఇంట్లో పెట్టి వస్తారు. దాంతో ప్రయాణం మొదలైనట్టే లెక్క. అసలు రోజున ఆ వస్తువుని అక్కణ్ణుంచే తీసుకుపోవాలి, మధ్యలో ఇంటికి తేకూడదు. మా ఎదురింట్లో రిటైరైన టీచరుగారు ఉంటారు, మా ఆవిడకి పంచాంగం విషయాల్లో సుప్రీంకోర్టు. పరీక్ష పడిన ఆదివారం ప్రయాణానికి పనికిరాదనీ, శుక్రవారం పొద్దున దివ్యంగా ఉందనీ ఆవిడ తేల్చేశారు. మామూలుగా బట్టలో బియ్యమో పెడతారు. మా ఆవిడ మాత్రం పని గట్టిగా జరగాలని, హాల్ టికెట్టు, ఆధార్ కార్డు, పరీక్షకి అడిగే పెద్ద ఫోటో ఉన్న ప్లాస్టిక్ సంచిని తీసుకెళ్ళి టీచరుగారి దేవుడి గదిలో పెట్టి వచ్చింది. "ఇదేం తెలివి? బియ్యం పెట్టవచ్చుగా!" అని నేను గుమ్మంలోనే యుద్ధం చేశాను. "పరీక్ష రాసేది బియ్యమా?" అంది. తర్కంలో నన్ను ఓడించిన మనిషి ఆవిడొక్కతే.

ఆదివారం పొద్దున అబ్బాయీ కోడలూ కారులో వచ్చారు. పరీక్ష గన్నవరం అవతల ఒక కాలేజీలో. ఒంటిగంటన్నరకి గేటు మూసేస్తారు, తర్వాత ఎవరొచ్చినా లోపలికి వదలరు. పదిన్నరకే బయల్దేరదామని పిల్ల సిద్ధమైంది. మా ఆవిడ సంచి తేవడానికి ఎదురింటికి వెళ్ళి, వెళ్ళినంత వేగంగా వెనక్కి వచ్చి, గుమ్మం పట్టుకుని నిలబడింది. ఎదురింటికి తాళం వేసి ఉంది.

ఫోన్ చేస్తే విషయం తెలిసింది. బందరులో ఉన్న వాళ్ళమ్మాయికి తెల్లవారుజామున నొప్పులు మొదలయ్యాయట. ఇంటిల్లిపాదీ ఉన్నవాళ్ళు ఉన్నట్టు పరిగెత్తారు. "అయ్యయ్యో వదినా! సంచి సంగతే మర్చిపోయాను! తాళంచెవులు నా దగ్గరే ఉన్నాయి. ఇక్కడేమో అమ్మాయిని లోపలికి తీసుకెళ్ళారు..." అని టీచరుగారు ఏడుపు. నేను ఫోన్ లాక్కుని, "మీరు అమ్మాయి సంగతి చూసుకోండమ్మా" అన్నాను. "తాళం పగలగొట్టెయ్యండి అన్నయ్యగారూ!" అన్నారావిడ. ఆ ఇంటికి వీధి వైపు ఇనప కటకటాలు, వాటి వెనక టేకు తలుపు, దాని వెనక దేవుడి గదికి ఇంకో తాళం. బతుకంతా ఇనప కొట్లో పనిచేసిన నాకు తెలుసు, అది పగలడానికి సాయంత్రమవుతుంది.

"చెప్పానా!" అని నేను మొదలుపెట్టాను. "నాన్నా, ఇప్పుడొద్దు" అని అబ్బాయి. కోడలు కళ్ళు తుడుచుకుంటోంది. మా ఆవిడ మెట్టు మీద కూలబడి, "నా చేతులారా చేశాను" అంటోంది. ఏడాది చదువు ఆ కటకటాల వెనక దేవుడి పటాల పక్కన కూర్చుని ఉంది.

అప్పుడు పిల్ల చెప్పులు వేసుకుంది. "హాల్ టికెట్ మళ్ళీ ప్రింటు తీసుకోవచ్చు నాన్నా. ఆధార్ కూడా. ఫోన్ ఇవ్వు, నీకే ఓటీపీ వస్తుంది. అతికించే చిన్న ఫోటో నా పెట్టెలో ఇంకోటి ఉంది. పెద్ద ఫోటో ఒక్కటే కావాలి. తాతయ్యా, అది నీ పని." అంత కంగారులో ఆమె గొంతు ఒక్క పిసరు పెరగలేదు.

వీధి మొదట్లో నెట్ సెంటరు తెరిచే ఉంది. ఫోటో స్టూడియోకి ఆదివారం సెలవు. దాని ఓనరు పై అంతస్తులోనే ఉంటాడు. నేను రోడ్డు మధ్య నిలబడి పిలిచాను. నా పిలుపుకి తోపుడు బండి మీద మామిడికాయలమ్మే ఆయన బండి ఆపేశాడు, రెండు కిటికీలు తెరుచుకున్నాయి, మూడోది ఓనరుది. లుంగీలో, చేతిలో కాఫీ గ్లాసుతో, "ఏంటి బాబాయిగారూ, కరకట్ట తెగిందా?" అన్నాడు.

"నువ్వు దిగకపోతే తెగుతుంది. మా పిల్ల ఫోటో మొన్న నువ్వే తీశావు. కంప్యూటర్లో ఉందా?"

"ఉంటుందండీ. రేప్పొద్దున..."

"రేపు నేను ఉంటానో లేదో తెలీదు, పరీక్ష మాత్రం ఉండదు. దిగు!"

దిగాడు. మిషను వేడెక్కడానికి తీసుకున్న సమయంలో ఆయన్ని నేనేమేం అన్నానో ఇక్కడ రాయను. ఫోటో ఇచ్చి డబ్బులొద్దన్నాడు, "సీటొస్తే నా పిప్పిపన్ను చూడమనండి" అన్నాడు.

కారెక్కబోతుంటే మా ఆవిడ ఇంకా ఆ మెట్టు మీదే ఉంది. పిల్ల వెనక్కి వెళ్ళి ఆవిడ పక్కన కూర్చుంది. "నాయనమ్మా, నువ్వు పెట్టిన ప్రస్థానం ఎక్కడికీ పోలేదు. నా సంచి శుక్రవారమే బయల్దేరింది. దాని వెనకాల నేను వెళ్తున్నాను, అంతేగా?" అంది. మా ఆవిడ ముక్కు చీదుకుని, నవ్వి, "వెళ్ళు, వెళ్ళు. మాటలు మాత్రం మీ తాతవే" అంది.

రామవరప్పాడు దగ్గర లారీల వెనక ఇరుక్కుని, నిడమానూరు దాటి, గేటు మూసే ముందు చేరాము. లోపలికి వెళ్ళేవాళ్ళ వరసలో దాదాపు చివర నిలబడింది. జడకి క్లిప్పు తీయించారు, చెవులవి ఇంట్లోనే తీసేసింది. నీళ్ళ సీసా, కొత్త కాగితాలు పట్టుకుని, వెనక్కి తిరిగి చూడకుండా వెళ్ళిపోయింది. వెనకాల గేటు పడిన చప్పుడికి మా అబ్బాయి కళ్ళు మూసుకున్నాడు. లెక్క ప్రకారం నడిచే మనిషి అలా కళ్ళు మూసుకోవడం నేను చూడడం అదే మొదలు.

బయట షామియానా కింద తల్లిదండ్రులందరం చెమటలు కక్కుతూ కూర్చున్నాము. పక్క కుర్చీలో ఉయ్యూరు నుంచి వచ్చినాయన మజ్జిగ ప్యాకెట్టు ఇచ్చి, "మనవరాలాండీ? ఎంబీబీఎస్‌కేనా?" అన్నాడు.

"డెంటల్‌కి."

"అదేంటండీ, పాపం! బాగానే చదువుతుందా?"

"బాగా చదువుతుంది కాబట్టే" అని మొదలుపెట్టాను. మనిషి అన్నం తినాలంటే ఏది కావాలో, మాట్లాడాలంటే ఏది కావాలో, ఆయన మజ్జిగ ప్యాకెట్టు చింపింది దేంతోనో, అన్నీ వివరించాను. ఆయన కుర్చీ కాస్త జరుపుకున్నాడు గానీ చివర్లో, "మా వాడికీ డెంటల్ ఆప్షన్ పెట్టిస్తానండీ" అన్నాడు. సాయంత్రం పిల్ల బయటికి వచ్చింది. అందరూ ఒకే ప్రశ్న అడిగారు. "అన్నీ చూశాను, తొందరపడలేదు. ఆకలేస్తోంది" అంది. ఆమె ఆకలి చూసి నాకు ధైర్యం వచ్చింది. పరీక్ష పాడైన మనిషి గన్నవరం హోటల్లో అన్ని పూరీలు తినదు.

ఫలితాలు వచ్చిన రోజు మా అబ్బాయి డ్యూటీ మధ్యలోంచి ఫోన్ చేసి, ర్యాంకు చెప్పాడు. తర్వాత సాయంత్రం స్వయంగా వచ్చాడు. ఆ ర్యాంకుకి దూరాన ఏదో ఒక ప్రైవేటు కాలేజీలో ఎంబీబీఎస్ కూడా వచ్చేలా ఉంది. దాంతో డెంటల్‌ని వెక్కిరించిన చుట్టాలందరివీ మళ్ళీ ఫోన్లు, ఈసారి బంగారం లాంటి అవకాశం వదులుకోవద్దని. నేను నోరు తెరవబోతే పిల్ల నా మోకాలు మీద చెయ్యి వేసింది. తండ్రి వైపు తిరిగి, "నాన్నా, నేను రాసింది డెంటల్ కోసం. వేరేది వచ్చేలా ఉంది కదా అని మార్చుకుంటే, ఏడాదంతా నేనేం కావాలో తెలియకుండా చదివినట్టు" అంది. మా అబ్బాయి గ్లాసులో మంచినీళ్ళు మొత్తం తాగాడు. "ఆప్షన్లలో మొదటిది డెంటల్ పెట్టు. ప్రభుత్వ కాలేజీ. చదివింది నువ్వమ్మా, నేను కాదు" అన్నాడు. తర్వాత నా వైపు చూసి, "ఇంట్లో చదివినా సీటు వస్తుంది నాన్నా" అన్నాడు. కొడుకు తండ్రికి చెప్పగలిగిన క్షమాపణల్లో అంతకంటే పెద్దది నేనెప్పుడూ ఆశించలేదు.

సీటు ఖాయమైన మెసేజి వచ్చినప్పుడు మా ఆవిడ వీధిలోకి వెళ్ళి గట్టిగా చెప్పింది. ఎదురింటి టీచరుగారు చంకలో మనవడితో పరిగెత్తుకొచ్చారు. పరీక్ష రోజు పుట్టినవాడే. ఇద్దరు ఆడవాళ్ళూ ఒకరి చేతులొకరు పట్టుకుని, శుక్రవారం ముహూర్తం ఎంత గట్టిదో చూశారా అన్నట్టు నా వైపు చూశారు. వాదించడానికి నా దగ్గర కావలసినన్ని మాటలున్నాయి. వాదించలేదు. మంచి ఘడియ ఏదో ముందే చెప్పే విద్య నాకెప్పుడూ పట్టుబడలేదు. కానీ ఇన్నేళ్ళ తర్వాత వెనక్కి తిరిగి చూస్తే, మా అందరి కాళ్ళూ చేతులూ ఆడని ఆ ఆదివారం పొద్దున, ఆ పిల్ల నిదానంగా వంగి చెప్పులు వేసుకున్న ఆ కాసేపే నా బతుకులో అన్నిటికంటే మంచి ఘడియ అని తెలుస్తోంది. మంచి కాలం వచ్చినప్పుడు తన పేరు చెప్పుకోదు, మనం గుర్తుపట్టేసరికి చాలా దూరం వెళ్ళిపోయి ఉంటుంది.