డబ్బా మీద చెక్కిన పేరు

ఇరవై రెండేళ్లయినా నా ఉత్తరానికి జవాబు రాలేదు. వీధిదీపం గురించి మున్సిపాలిటీకి రాస్తే, పదకొండు నెలలకైనా ఒక మనిషి వచ్చి స్తంభాన్ని చూసి వెళ్లాడు. స్వరూప ఆ మాత్రం కూడా చేయలేదు. ఆమె ఇప్పుడు బీరంగూడలో కర్రీ పాయింట్ నడుపుతోందని మా పాత బస్సు డ్రైవర్ చెప్పాడు. అందుకే పోయిన మంగళవారం సంగారెడ్డి నుంచి బయలుదేరాను.

నేను లక్డారంవాణ్ణి. అప్పట్లో పటాన్‌చెరులో ఒక మందుల ఫ్యాక్టరీలో పనిచేసేవాణ్ణి. స్వరూప ప్యాకింగ్‌లో ఉండేది. ఇద్దరిదీ ఒకే షిఫ్టు బస్సు. ఒకరోజు ధైర్యం చేసి ఉత్తరం రాసి, క్యాంటీన్ అరలో కడిగి పెట్టిన ఆమె టిఫిన్ డబ్బాలో పెట్టాను. సూపర్‌వైజర్ చేతిలో పడితే ఆమెకు మాట వస్తుందని ఆమె పేరు రాయలేదు. కింద నా పేరు మాత్రం రాశాను. ‘ఇష్టమైతే శుక్రవారం బస్సులో డ్రైవర్ వెనక సీట్లో కూర్చోండి’ అన్నది చివరి వాక్యం.

శుక్రవారం స్వరూప ఎక్కింది. నేరుగా చివరి వరుసకు వెళ్లి కునుకు తీసింది. నేను దిగేదాకా మెడ తిప్పి వెనక్కే చూస్తూ కూర్చున్నాను. నెల తిరక్కుండా ప్యాకింగ్‌లోనే పనిచేసే పుష్ప వాళ్ల అన్న మా ఇంటికి సంబంధం మాట్లాడడానికి వచ్చాడు. ఆ కోపంలో సరేనన్నాను. పుష్పే నా భార్య.

మంగళవారం బయలుదేరేటప్పుడు ఆమెతో పీఎఫ్ కాగితాల పని అని చెప్పాను. “బయట తిండి నీకు పడదు” అంటూ అటక మీంచి పాత డబ్బా ఒకటి దించి తోమింది. అందులో పులిహోర పెట్టి, గుడ్డ చుట్టి ఇచ్చింది. రోజువారీ డబ్బా ఏమైందంటే, “అది కారుతున్నది” అంది.

ఎనిమిదీ ఇరవైకి బస్సు. ఆడవాళ్లకు టికెట్ లేదు కనుక సీట్లన్నీ వాళ్లవే. టికెట్ కొన్న నేను కమ్మీ పట్టుకుని నిలబడ్డాను. ఒక ముసలమ్మ నన్ను కిందినుంచి మీదికి చూసింది.

“ఏంది కొడుకా, మొకం గట్ల ముడుసుకున్నవ్?”

“పైసలిచ్చినోడు నిలవడాలె, ఇయ్యనోళ్లు కూసోవాలె. గిదేం న్యాయమమ్మా?”

“అయితే రేపటిసంది చీరె కట్టుకొని రా!”

బస్సంతా నవ్వింది. కందిలో ఆమే జరిగి చోటిచ్చింది. అది రాయకపోతే అన్యాయమవుతుంది. పొద్దున ఈ దారిన వెళ్లేవాళ్లు ఎడమవైపు కూర్చోకండి, ఎండ నేరుగా మొహాన కొడుతుంది.

సీటు దొరికాక మనసులో నా ఇంకో బతుకు మొదలైంది. కంది దాటేసరికి స్వరూపతో పెళ్లయింది. రుద్రారంలో రెండు గదులు వేసుకున్నాం. ఇస్నాపూర్ చౌరస్తాలో లారీల మధ్య బస్సు ఇరవై నిమిషాలు ఆగడంతో ఇద్దరు ఆడపిల్లలు పుట్టి బడికి కూడా వెళ్లారు. పటాన్‌చెరులో బస్సు మారేటప్పుడు మాత్రం పెద్ద గొడవైంది. ఉత్తరానికి జవాబెందుకివ్వలేదని నేనే మొదలుపెట్టాను.

పదింపావుకు బీరంగూడలో దిగాను. గిన్నెల వెనక స్వరూప. జుట్టు నెరిసింది కానీ, నవ్వితే ఎడమ చెంప మీద సొట్ట అలాగే పడుతోంది.

“నర్సింలన్నా! పుష్ప మంచిగున్నదా?”

ఆ ‘అన్నా’ కూడా నేను మరచిపోను. సంచి బల్ల మీద పెట్టి సూటిగా అడిగాను.

“నా ఉత్తరానికి జవాబెందుకియ్యలే?”

“ఏం ఉత్తరమన్నా?”

“నీ టిఫిన్ డబ్బల పెట్టిన. నీ పేరు చెక్కున్న దాంట్ల.”

ఆమె చూపు సంచిలోంచి బయటికొచ్చిన డబ్బా మీద పడింది. గుడ్డ విప్పి మూత చూసింది. చుక్కలు చుక్కలుగా ‘స్వరూప’ అని ఉంది.

“గిదేనా? పుష్పోళ్లు ఇల్లు కట్టుకున్నప్పుడు నేనిచ్చిన డబ్బ గదనే ఇది! గిన్నె మీద ఇచ్చినోళ్ల పేరుంటది గాని తినేటోళ్ల పేరుంటదా? నా డబ్బ మీద మా మేనత్త పేరుండె!”

నేను ఆ బల్ల మీదే కూర్చున్నాను. ఉత్తరంలో ఏం రాశానో ఆమెకు చెప్పాను. ఆమె నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

“ఒక శుక్రవారం పుష్ప కొత్త చున్నీ ఏసుకొచ్చిందన్నా. నా పక్కకు రమ్మని ఎంత పిలిచినా రాలే. డ్రైవర్ ఎనక సీట్లనే కూసున్నది, లక్డారం దాక.”

జవాబు వచ్చిందన్నమాట. చూడనివాణ్ణి నేనే.

అయినా అడగకుండా ఉండలేకపోయాను. “ఆ ఉత్తరం నీకే అందుంటే?”

“గప్పటికే మా బావతోని మాటైంది. లోపల బెండకాయలు తరుగుతున్నడు, పిలువన్నా?”

వద్దన్నాను. పుష్పకిమ్మని బెండకాయ కూర కట్టిచ్చింది.

పదకొండున్నర బస్సులో డ్రైవర్ వెనక సీటు ఖాళీగా ఉంటే అందులోనే కూర్చున్నాను. అక్కడ కూర్చుంటే వెనకవాళ్లెవరూ కనపడరు. ఎవరైనా లేచి వస్తారేమోనని చెవులు మాత్రం వెనక్కి ఉంటాయి. కొత్త చున్నీ వేసుకుని ఆమె అలా ఎంతసేపు కూర్చుందో లెక్కవేస్తూ, పులిహోర తినడం కూడా మరచిపోయాను.

ఉత్తరం మొత్తం నాకు కంఠతా వచ్చు. ఇస్నాపూర్ దగ్గర దాన్ని మనసులో చదువుకుంటూ రెండో వాక్యం దగ్గర ఉలిక్కిపడ్డాను. ‘మీరు నవ్వితే ఎడమ చెంప మీద సొట్ట పడుతుంది.’ పుష్పకు నవ్వినా ఏడ్చినా సొట్ట పడదు. వాళ్లింట్లో అద్దం లేదా?

ఒంటిగంటకు ఇల్లు చేరాను. పుష్ప కూర పొట్లం విప్పి వాసన చూసి, “స్వరూప మంచిగున్నదా?” అంది. నేను చెప్పింది పీఎఫ్ పని! సొట్ట సంగతి అడిగితే నవ్వింది. “అన్నం సల్లారుతున్నది, తిను” అంది. వారంలో నాలుగుసార్లు అడిగాను. నాలుగుసార్లూ అదే నవ్వు.

ఇంకో బతుకు వెతకడానికి వెళ్లినవాణ్ణి, నా బతుకు గురించే తెలియనిది ఒకటి పట్టుకొచ్చాను. పుష్పా, ఈ పత్రిక మనింటికి వస్తుంది, ముందు చదివేది నువ్వే. ఆ ఉత్తరం నీకు రాసింది కాదని తెలిసే ఆ సీట్లో కూర్చున్నావా? నోటితో చెప్పలేకపోతే వద్దు. శుక్రవారం లక్డారం వెళ్తున్నాం కదా. నేను ముందే ఎక్కి డ్రైవర్ వెనక సీటు ఆపి ఉంచుతాను. తెలిసే కూర్చున్నదానివైతే వచ్చి నా పక్కన కూర్చో. ఈసారి మెడ వెనక్కి తిప్పను, నువ్వెక్కే తలుపు వైపే చూస్తుంటాను. జవాబియ్యి.